వరి పువ్వు తొమ్మిదిన్నరకి విచ్చుకుంటుంది, పాప కూడా అప్పుడే లేస్తుంది. పిల్లలతో రీసెర్చి ఎలా చేశారండీ మీరంతా?

ఉప్పునేల (అమలాపురం)
సెప్టెంబరు 24, రాత్రి 11:52

అందరికీ నమస్కారమండీ. నేను పీహెచ్‌డీ మూడో ఏడు. పాపకి ఏడో నెల. వరి ఉప్పుని తట్టుకోవడం మీద నా పని. మా కోనసీమ చివరి భూముల సంగతి మీకు తెలిసిందే. దాళ్వాలో (రబీ పంటకి) కాలువ నీళ్ళు తగ్గాయంటే ఉప్పు పైకి తేలి మడి మీద తెల్లగా పొర కడుతుంది. ముమ్మిడివరం అవతల అలాంటి మడిలోనే ఒక రైతు బాబాయి నాకు నలభై సెంట్లు ఇచ్చారు. ఉప్పు తట్టుకునే రకంతో స్వర్ణని కలిపి తెచ్చిన మొక్కల్ని ఈ సార్వాలో (ఖరీఫ్‌లో) మళ్ళీ స్వర్ణతో కలపాలి. చేను ఇప్పుడు పొట్ట మీద ఉంది. దసరా అటూ ఇటూగా ఈనుతుంది.

వరి సంకరం చేసినవాళ్ళకి ఈ అవస్థ తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికి కూర్చుని, రేపు విచ్చుకోబోయే ఒక్కో పువ్వు కొన కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్నీ ఫోర్సెప్స్‌తో తీసెయ్యాలి. వెన్నుకి బటర్ పేపరు సంచి తొడగాలి. మర్నాడు తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర లోపు మగ వెన్ను తెచ్చి దాని మీద దులపాలి. పుప్పొడి నిమిషాల్లో చచ్చిపోతుంది. నా తీరిక చూసి ఆగదు.

పాపా అంతే. సీసా నోట పెట్టనివ్వదు. చేనికి స్కూటీ మీద ముప్పావు గంట. పొద్దున్న పాలిచ్చి వెళ్తే మళ్ళీ వచ్చేసరికి గొంతు బొంగురు పోయేలా ఏడ్చి పడుకుంటోంది. మా అత్తగారు వస్తానంటున్నారు, కానీ మావయ్యగారికి పక్షవాతం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా ఆయనది కరెంటు డిపార్ట్‌మెంటు. అక్టోబరులో వాయుగుండం అన్నారంటే ఆయన ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు.

మా గైడు గారు మొన్న మంచి మాటగానే అన్నారు, "ఏడాది ఆగి రామ్మా, వరి ఎక్కడికీ పోదుగా" అని. వరి పోదు. నా ఫెలోషిప్ పోతుంది. ఈ సీజను తప్పితే ఏరుకున్న ఆ పదిహేడు మొక్కలూ పోతాయి. చంటిబిడ్డతో పరిశోధన నడిపినవాళ్ళు ఏ పూట ఏం చేశారో చెప్పండి. ధైర్యం చెప్పేవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు.

కోరంగి_పడవ (కాకినాడ)
సెప్టెంబరు 25, ఉదయం 6:10

నాది మడ అడవుల్లో పని. బాబుకి నాలుగేళ్ళు. మీకు పువ్వు ఉన్నట్టే నాకు పోటూ పాటూ. నీళ్ళు తీస్తే తప్ప బురదలో అడుగు పెట్టలేం. ఆ తీసే వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. ఈ వారం పొద్దున్న ఏడింటికి వెళ్తే వచ్చే వారం మధ్యాహ్నం ఒంటిగంటకి. "రోజూ ఫలానా టైముకి రా" అని ఏ ఆయాకి చెప్పను?

నేను చేసిందొకటే. నెల మొదట్లోనే పోటుపాట్ల పట్టిక తెచ్చి వంటింటి గోడకి అంటించాను. ఎర్ర పెన్నుతో నేను బయటుండే గంటలు, నీలం పెన్నుతో ఆ గంటల్లో బాబు ఎవరి దగ్గర ఉంటాడో వాళ్ళ పేరు. పేరు లేని గడి ఉంటే ఆ రోజు పడవ ఎక్కను. మొదటి నెల సగం గడులు ఖాళీ. చూసి ఏడుపొచ్చింది. కానీ ఆ ఖాళీలు మా ఆయన కంట పడింది కూడా అప్పుడే. అంతకుముందు అవి నా బుర్రలోనే ఉండేవి.

ఫైళ్ళ_బాబాయి (రాజమహేంద్రవరం)
సెప్టెంబరు 25, ఉదయం 10:35

అమ్మా, నేను ఒక విశ్వవిద్యాలయం ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా స్కాలర్ల ఫైళ్ళు చూస్తున్నాను. "ఏడాది ఆగి రా" అన్న మాట నోటిమాటగా ఒప్పుకోకు. నోటిమాట మీద ఆగినవాళ్ళ ఫైలు మధ్యలో తెగిపోవడం చాలాసార్లు చూశాను.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మహిళా స్కాలరుకి కోర్సు మొత్తం మీద 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వచ్చు. మామూలుగా పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు 6 ఏళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2. మహిళలకి ఆ పైన ఇంకో 2. అన్నీ కలిపి 10 దాటకూడదు. నువ్వు మూడో ఏట ఉన్నావు, గడువు గురించి ఇప్పుడే భయపడక్కర్లేదు.

డబ్బు సంగతి వేరు. జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, 2023 జనవరి నుంచి. యూజీసీ ఫెలోషిప్ అయితే ప్రసూతి సెలవులో స్టైపెండ్ పూర్తిగా ఇవ్వాలి. అది ఒక్కసారే. కాన్పుకి ఆ సెలవు పెట్టావా? అప్లికేషను కాపీ, ఆఫీసు స్టాంపు వేసిన రసీదు నీ దగ్గర ఉన్నాయా? ముందు అవి వెతుకు.

ఇంకోటి. ఉద్యోగంలో చేరాక లెక్కలు మారతాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి పిల్లల సంరక్షణకి సర్వీసు మొత్తంలో 730 రోజులు, మన రాష్ట్రంలో 180 రోజులు. స్కాలరుకి అవి రావు. ఉద్యోగి కాదు, విద్యార్థీ కాదు. ఈ రెంటి మధ్యలోనే మా ఆడపిల్లలు ఎక్కువమంది జారిపోతున్నారు. ఫైళ్ళు చూసేవాడిగా నాకు కళ్ళ ముందు కనిపించేది అదే.

పాత_వరి (పెనుగొండ దగ్గర)
సెప్టెంబరు 25, మధ్యాహ్నం 3:20

ఉప్పునేలా, నువ్వు చేను దగ్గరికి వెళ్ళడం గురించి ఆలోచిస్తున్నావు. చేనునే నీ ఇంటికి తెచ్చుకోవడం గురించి ఆలోచించావా?

నేను వరి మీద ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా పెద్దాడు పుట్టింది 1989లో. అప్పుడు ఈ సెలవులూ లేవు, అడిగే నోరూ లేదు. మా సెక్షన్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. అప్పుడు మా దగ్గర పనిచేసే ఫీల్డు అసిస్టెంటు, పెద్దాయన, అన్నాడు: "అమ్మగారూ, పొట్ట మీదున్న దుబ్బుని మట్టితో సహా ఎత్తితే మొక్కకి తెలీను కూడా తెలీదండి." అంతే. పార తీసుకుని దుబ్బు చుట్టూ జానెడు దూరంలో గుచ్చి, మట్టిగడ్డ విరక్కుండా ఎత్తి, బకెట్లో దింపి, అదే మడి బురద చుట్టూ పోశాం. రిక్షాలో ఇంటికి. పెరట్లో కొబ్బరిచెట్టు నీడ పడని చోట వరసగా పెట్టాను. పదకొండు బకెట్లు. పొద్దున్న వాడికి నీళ్ళు పోసి పడుకోబెట్టి, తొమ్మిదిన్నరకి పెరట్లో పీట వేసుకుని కూర్చునేదాన్ని. లేస్తే తలుపు సందులోంచి వినబడేది.

ఇప్పుడు నీకు ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు దొరుకుతాయి, ఇంకా సుఖం. అడుగున చిల్లులు పెట్టకు, నీళ్ళు నిలవాలి. ఎత్తేది సాయంత్రం, ఎండ తగ్గాక. ఒక రోజు వాడినట్టు కనిపిస్తుంది, కంగారు పడకు. ఇవాళా రేపట్లోనే ఎత్తించు, వెన్ను బయటికొచ్చాక కదిపితే పువ్వు దెబ్బతింటుంది.

రెండో సంగతి, ఇది పుస్తకంలో ఉన్నా ఎవరూ గట్టిగా చెప్పరు. పుప్పొడి ఆగదన్నావు, నిజం. కానీ ఆడ పువ్వు ఆగుతుంది. తిత్తులు తీసేసి సంచి తొడిగాక కీలాగ్రం రెండు మూడు రోజులు పుప్పొడి అందుకోగలిగే స్థితిలోనే ఉంటుంది. ఒక పొద్దున్న పాపకి జ్వరమొస్తే, ఆ పూట పోయిందని ఏడవకు. మర్నాడు దులుపు. గింజ కాస్త తక్కువ పట్టచ్చు, పడుతుంది మాత్రం.

1925లో పెట్టిన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ బయటికొచ్చింది. ఆ తర్వాత విజేత, కాటన్‌దొర సన్నాలు, ఇంకా ఎన్నో. ఒక్కో రకం వెనక ఎన్ని సీజన్లు ఉంటాయో మనకి తెలుసు. పదేళ్ళు పట్టే పనిలో ఒక మనిషి నెల రోజులు ఇంటి పెరట్లోంచి పనిచేస్తే ఏం పోతుంది? ఈ మాట నాకు ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే రెండో కాన్పు తర్వాత నేను మూడేళ్ళు ఆఫీసు పనికి మారేదాన్ని కాదు. ఆ మూడేళ్ళలో నా చేతి మొక్కలన్నీ వేరేవాళ్ళ పేరు మీదికి వెళ్ళాయి. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఉప్పునేల
సెప్టెంబరు 25, రాత్రి 10:05

అమ్మా, చదువుతుంటే చేతులు వణికాయి. మూడేళ్ళుగా చేను దగ్గరికి ఎలా వెళ్ళాలనే ఆలోచించాను. రైతు బాబాయికి ఫోన్ చేశాను. రేపు సాయంత్రం ట్రక్కు ఆటో మాట్లాడతానన్నారు. ఆ పదిహేడు మొక్కలూ, స్వర్ణ దుబ్బులు ఇరవై నాలుగూ. పెయింటు డబ్బాలు మా ఆయన సబ్‌స్టేషన్ దగ్గర కడుతున్న బిల్డింగు వాళ్ళని అడుగుతానన్నారు.

ఫైళ్ళ బాబాయి గారూ, రసీదు ఉంది, స్టాంపు లేదు. రేపే వెళ్తాను.

కాకినాడ_ల్యాబ్
సెప్టెంబరు 26, ఉదయం 7:45

పాలిచ్చే తల్లిగా ఒక హెచ్చరిక. ఆకుల డీఎన్‌ఏ తీసేటప్పుడు ఫినాల్, క్లోరోఫామ్ వాడే స్టెప్పులూ, జెల్‌కి ఇథిడియం బ్రొమైడ్ వేసే పనీ వేరేవాళ్ళ చేత చేయించండి. సిగ్గుపడి ఊరుకోవద్దు. నేను ఊరుకున్నాను, తర్వాత నెలల తరబడి భయపడుతూ గడిపాను. మందు కొట్టిన చేలోకి వెళ్ళొస్తే బట్టలు మార్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాకే బిడ్డని ఎత్తుకోండి.

పాలు పిండి పెట్టాలనుకుంటే మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. మన అక్టోబరు ఉక్కలో ఆ నాలుగు గంటల్ని నమ్ముకోకండి. శాంపిళ్ళు పెట్టే ఐసు పెట్టెలో పాలు పెట్టద్దు, దానికి వేరే పెట్టె. సీసా పట్టకపోతే ఉగ్గుగిన్నె ప్రయత్నించారా? మా పాప సీసాని విసిరికొట్టేది, ఉగ్గుగిన్నెతో అమ్మమ్మ పోస్తే చప్పరించుకుంటూ తాగేది.

రావులపాలెం_సైన్సు
సెప్టెంబరు 26, రాత్రి 9:30

నేను ఇక్కడ అందరికీ నచ్చని మాట చెప్తాను. నేను మానేశాను.

కెమిస్ట్రీలో నాలుగేళ్ళు చేశాక కవలలు పుట్టారు. ఒకడికి గుండెలో చిల్లు, రెండుసార్లు ఆపరేషను. పెరట్లో బకెట్లు పెట్టుకునే సైన్సు కాదు నాది, విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్‌హుడ్ కావాలి. రెండేళ్ళు అటూ ఇటూ కొట్టుకుని డీఎస్సీ రాసి హైస్కూల్లో టీచరయ్యాను. ఇప్పుడు నా ఎనిమిదో తరగతి పిల్లలు కాలువ నీళ్ళూ, బోరు నీళ్ళూ తెచ్చి ఉప్పు కొలుస్తారు. ఒకమ్మాయి కొలిచిన అంకె చూసి వాళ్ళ నాన్న కొబ్బరితోటకి బోరు నీళ్ళు పెట్టడం మానేశాడు.

మానేసినవాళ్ళని చూసి "పాపం, ఎంత చదువు వృథా అయిపోయింది" అనకండి. ఆ మాట మా అమ్మే అంది. అది మానడం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఉప్పునేల గారూ, మీరు కొనసాగాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఏదో ఒక రోజు కుదరక ఆగితే, మిమ్మల్ని మీరు ఓడినదాన్ని అనుకోకండి.

మైక్రోస్కోపు (తాడేపల్లిగూడెం)
సెప్టెంబరు 27, ఉదయం 8:15

నేను గైడుగా ఉన్నాను, మగవాణ్ణి. ఉప్పునేల గారి గైడు తరఫున ఒక మాట. ప్రాజెక్టుకి మూడేళ్ళ గడువుంటుంది, రిపోర్టు ఆలస్యమైతే రెండో విడత డబ్బు ఆగుతుంది, దాని మీద ఇద్దరు ప్రాజెక్టు అసిస్టెంట్ల జీతాలు ఉంటాయి. ఒక స్కాలరు ఆరు నెలలు లేకపోతే ఆ బరువు మిగతావాళ్ళ మీద పడుతుంది. "ఆగి రా" అన్న మాటలో చెడ్డతనం లేకపోవచ్చు.

భీమవరం_చెరువుగట్టు
సెప్టెంబరు 27, మధ్యాహ్నం 1:40

మైక్రోస్కోపు గారూ, చెడ్డతనం లేదనే ఒప్పుకుంటాను. కానీ ఆ మాట మీరు ఎప్పుడైనా తండ్రి అయిన మగ స్కాలరుతో అన్నారా? నాతో ఎవరూ అనలేదు.

నేను రొయ్యల జబ్బుల మీద పనిచేస్తాను. వైట్‌స్పాటూ, ఈహెచ్‌పీ లాంటి జబ్బులూ, వాటికి పీసీఆర్ టెస్టులూ, ఇదే నా లోకం. మా ఆవిడా సైంటిస్టే. రెండేళ్ళ ఫెలోషిప్ వచ్చి తను వేరే రాష్ట్రం వెళ్ళింది. పాపకి అప్పుడు మూడేళ్ళు. పాప నా దగ్గరే ఉండిపోయింది. వెనామీ రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున. రైతు ఫోన్ చేసేదీ అప్పుడే. మూడున్నరకి ఫోన్ మోగితే పాపని దుప్పట్లో చుట్టి పక్క పోర్షన్లో పిన్నిగారికి అప్పగించి వెళ్ళేవాణ్ణి. ఆ రెండేళ్ళూ నన్ను చూసినవాళ్ళందరూ "ఎంత గొప్పవాడివి బాబూ" అన్నారు. మా ఆవిడని మాత్రం "పిల్లని వదిలేసి ఎలా వెళ్ళిందమ్మా" అన్నారు. ఇద్దరం చేసింది ఒకే పని.

మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెబితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1920ల్లో భార్యని ఇక్కడ ఉంచి అమెరికా వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు, 1948లో అక్కడే పోయారు. ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లాన్ని ఇవాళ ప్రతి గర్భిణీ మింగుతోంది. మా ఆవిడా మింగింది. ఆయన పనిని తక్కువ చెయ్యడానికి నాకు నోరు రాదు. కానీ ఇల్లు ఎవరో ఒకరు మోశారు కదా. ఆ మోసినావిడ పేరు మా ఊళ్ళోనే ఎంతమందికి తెలుసు?

240 రోజుల సెలవు మహిళా స్కాలర్లకి అని రాశారు. రాయాల్సిందే. నాలాంటి మగ స్కాలరుకి మాత్రం అందులో ఒక్క రోజు లేదు. లేనంతకాలం గైడు మనసులో "ఆడపిల్లని తీసుకుంటే సీజను పోతుంది" అన్న లెక్క పోదు. తండ్రికీ అంతే సెలవుంటే ఆ లెక్క ఇద్దరికీ సమానమవుతుంది.

మైక్రోస్కోపు
సెప్టెంబరు 27, సాయంత్రం 6:50

అనలేదండీ. మీరడిగాక కూర్చుని లెక్కపెట్టుకున్నాను. నా దగ్గర చేరిన మగపిల్లల్లో నలుగురికి పిల్లలు పుట్టారు. ఒక్కడినీ ఏమీ అడగలేదు. ఇద్దరు ఆడపిల్లల్ని చేరే రోజునే "పెళ్ళెప్పుడమ్మా" అన్నాను. ప్రేమగానే అన్నాననుకున్నాను.

మామ్మగారు_పాలకొల్లు
సెప్టెంబరు 28, ఉదయం 5:30

నా మనవరాలు టైపు చేసి పెడుతోంది. మా అమ్మాయి జీవశాస్త్రంలో డాక్టరేటు. దాని కొడుకుని పది నెలల వయసు నుంచి నాలుగో ఏడు వచ్చేదాకా నేనే పెంచాను. అందరూ "పిల్ల తల్లి" కష్టం రాస్తున్నారు. పెంచే ముసలిదాని మోకాళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

నేను ఇష్టపడే చేశాను. కానీ మొదట్లో ఎవరూ నన్ను అడగలేదు. "అమ్మ ఉందిగా" అనుకున్నారు. ఎప్పటిదాకానో చెప్పలేదు. మా అక్క కూతురి పెళ్ళికి నరసాపురం వెళ్ళాలన్నా పిల్లాణ్ణి చంకనేసుకునే వెళ్ళాలి. ఓ రోజు మా అమ్మాయితో ఫోన్లో గట్టిగానే అన్నాను, "నువ్వు రీసెర్చి చేస్తున్నావు, నేను ఉద్యోగం చేస్తున్నాను, నాకూ ఆదివారం కావాలి" అని. అది అరగంట ఏడ్చింది. మర్నాటి నుంచి మా అల్లుడు శని ఆదివారాలు వచ్చి పిల్లాణ్ణి చూసుకునేవాడు. అప్పుడు నాకూ మనశ్శాంతి, వాడికీ తండ్రి చేరిక అయ్యాడు.

మేడమ్ క్యూరీ గారి పెద్దమ్మాయిని వాళ్ళ తాతగారే, అంటే ఆవిడ మావగారే, ఇంట్లో ఉండి పెంచారట. ఆయన డాక్టరట. మా అమ్మాయి చెప్పింది. ఆవిడకి రెండు బహుమతులొచ్చాయి, ఆయన సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఉప్పునేలా, మీ అత్తగారు వస్తానంటున్నారు కదా. రమ్మను. కానీ ఎన్నాళ్ళో ముందే చెప్పు. మీ మావగారిని కూడా వెంట తెచ్చుకోమను, మనిషిని అక్కడ వదిలొస్తే ఆవిడ ప్రాణం అక్కడే ఉంటుంది. మూడు వారాలంటే మూడు వారాలే.

తణుకు_తూము (ప్రస్తుతం జర్మనీ)
సెప్టెంబరు 29, రాత్రి 12:20

మామ్మగారి ఉత్తరం రెండుసార్లు చదివాను, మా అమ్మకి పంపాను.

ఇక్కడ ట్యూబింగెన్‌లో 1995లో నోబెల్ అందుకున్న క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్హార్డ్ అనే ఆవిడ 2004లో ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకి నెల నెలా కొంత డబ్బిస్తారు. ఆ డబ్బు ల్యాబ్‌కి కాదు. ఇల్లు ఊడవడానికి, అంట్లు తోమడానికి, బట్టలు ఉతకడానికి, పిల్లని చూడ్డానికి మనిషిని పెట్టుకోవడానికి. మొదట విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. తర్వాత లెక్క వేసుకున్నాను. నాకు తక్కువైంది తెలివీ కాదు, పట్టుదలా కాదు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య మూడు గంటలు.

చెరువుగట్టు గారి మాటకి: ఇక్కడ పిల్లల కోసం ఇచ్చే భృతి మొత్తం 14 నెలలు రావాలంటే తల్లిదండ్రులు ఇద్దరూ కనీసం రెండేసి నెలలు తీసుకోవాలి. ఒక్కరే తీసుకుంటే 12తో ఆగుతుంది. అందుకే మా ల్యాబ్‌లో మగవాళ్ళు రెండు నెలలు మాయమైతే ఎవరూ కనుబొమ్మ ఎగరెయ్యరు. మన దగ్గర కేంద్ర ఉద్యోగి తండ్రికి 15 రోజులు.

అన్నీ ఇక్కడ బాగున్నాయని కాదు. రెండేళ్ళ కాంట్రాక్టులు, కాన్పుకి అమ్మ రావాలంటే వీసా. మా పాప పుట్టినప్పుడు ఇంగువ తిరగమోత వాసన కోసం ఏడ్చాను.

మధ్యలో ఆగినవాళ్ళు మళ్ళీ రావాలనుకుంటే, మన కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వైజ్-కిరణ్ పథకాలు, బయోటెక్నాలజీ శాఖ బయోకేర్ తప్పక చూడండి. మా సీనియరు ఒకావిడ ఆరేళ్ళ విరామం తర్వాత వాటిల్లో ఒకదాంతోనే మళ్ళీ ల్యాబ్‌లో అడుగు పెట్టింది. రావులపాలెం గారూ, మీకు చెప్తున్నానని కాదు, మీ పని మీది. చదివేవాళ్ళలో ఎవరికైనా అక్కరకొస్తుందని.

రావులపాలెం_సైన్సు
సెప్టెంబరు 29, ఉదయం 6:40

ఆరేళ్ళ విరామం అన్నారు కదా. నాది ఏడు. లింకు ఉంటే పెట్టండి.

ఉప్పునేల
అక్టోబరు 12, మధ్యాహ్నం 2:15

రెండు వారాలుగా రాయలేకపోయాను, క్షమించండి. నలభై ఒక్క డబ్బాలు మా వాకిట్లో ఉన్నాయి. వీధిలో అందరూ "ఇదేంటమ్మా, మేడ మీద వ్యవసాయం విన్నాం గానీ వాకిట్లో ఊడ్పులా" అని చూసి వెళ్తున్నారు. మూడు దుబ్బులు వాడిపోయాయి, మిగతావన్నీ నిలబడ్డాయి.

అత్తయ్యా మావయ్యా ఇద్దరూ వచ్చారు. మామ్మగారు చెప్పినట్టే మొదటి రోజే చెప్పాను, "అత్తయ్యా, దీపావళి ముందు ఆదివారం మిమ్మల్ని దింపేస్తాం" అని. ఆవిడ మొహంలో ఒక్కసారి తేలిక కనిపించింది. అది చూశాక, ఇన్నాళ్ళూ ఆవిడ ఎందుకు వెనకాడారో అర్థమైంది. మావయ్యకి కుడి చెయ్యి ఇంకా సరిగ్గా రాదు. ఎడం చేత్తో పాప ఉయ్యాల తాడు పట్టుకుని వాకిట్లోనే కుర్చీలో కూర్చుంటున్నారు. నేను పక్కనే పీట మీద. పాప ఉగ్గుగిన్నెతో తాగుతోంది. కాకినాడ అక్కకి దండం.

గోడ మీద కోరంగి అక్క పట్టిక వేశాను. మొదటి వారం నీలం గడుల్లో ఒకే పేరు ఉంది. అది మా ఆయన కంట పడింది. ఏమీ అనలేదు. బుధ, శుక్ర సాయంత్రాలు తనే పేరు రాసుకున్నారు.

గైడు గారు నిన్న వచ్చి చూశారు. చాలాసేపు డబ్బాల మధ్య తిరిగి, ఒక సంచి విప్పి కత్తిరించిన పువ్వులు చూసి, "ల్యాబ్ పుస్తకంలో వీటి స్థలం ఏమని రాస్తున్నావు?" అన్నారు. "మా ఇంటి వాకిలి అని" అన్నాను. "అలాగే రాయి" అన్నారు. 240 రోజుల అప్లికేషను మీద కూడా అక్కడే సంతకం పెట్టారు. ఈ సీజను అయ్యాక అందులోంచి కొన్నాళ్ళు అడుగుతాను.

పాత_వరి
అక్టోబరు 12, సాయంత్రం 5:05

డబ్బాల్లో నీళ్ళు రెండంగుళాల కంటే తగ్గనివ్వకు. నీళ్ళు పోసేది పొద్దున్న పువ్వు విచ్చకముందే. సంచుల మీద పెన్సిల్‌తోనే రాయి, పెన్ను సిరా మంచుకి కారిపోతుంది.

ఉప్పునేల
అక్టోబరు 21, రాత్రి 1:30

తుఫాను హెచ్చరిక వచ్చిందండీ. మా ఆయనకి సాయంత్రమే పిలుపు వచ్చింది, వెళ్ళారు. కరెంటు ఇప్పుడే పోయింది. నేనూ, అత్తయ్యా, ఎదురింటి కుర్రాళ్ళిద్దరూ కలిసి డబ్బాలన్నీ వరండాలోకి లాగాం. బరువుకి అరిచేతులు కమిలిపోయాయి. పాప ఆ హడావిడంతా చూస్తూ నవ్వుతూనే ఉంది. ఫోన్ ఛార్జింగు 11 శాతం. చేలో ఉన్న మిగతా ప్లాటు గురించి ఆలోచించకూడదనుకుంటున్నాను.

కోరంగి_పడవ
అక్టోబరు 22, ఉదయం 9:00

ఎలా ఉన్నారు? పాప ఎలా ఉంది? ఛార్జింగు రాగానే ఒక్క ముక్క రాయండి.

ఉప్పునేల
అక్టోబరు 24, సాయంత్రం 4:40

అందరం క్షేమం. చేలో వరి మొత్తం పడిపోయింది, నీళ్ళలో ఉంది. రైతు బాబాయి కాలువ బోదెకి గండి కొట్టి నీళ్ళు తీస్తున్నారు, వంగిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి కట్టిస్తున్నారు. అక్కడ నేను లెక్కలు తీసుకోవాల్సిన వరసలు పన్నెండింట్లో మిగిలినవి అయిదు. వరండాలో డబ్బాలు మాత్రం ఒక్కటీ పడలేదు.

మా ఆయన నాలుగో రోజు పొద్దున్న వచ్చారు. కళ్ళు ఎర్రగా, చెప్పులకి బురద. పాపని ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో డబ్బా మీద నంబరు చదివారు.

ఫైళ్ళ_బాబాయి
అక్టోబరు 25, ఉదయం 11:10

అమ్మా, పంట నష్టం ఫొటోలు తారీఖుతో సహా తీసి పెట్టుకో. తుఫాను వల్ల ప్లాటు పోయిందని గైడు గారి చేత ఒక లెటరు రాయించి ఫైల్లో పెట్టించు. రేపు రిసెర్చి కమిటీలో "డేటా ఎందుకు తక్కువ" అని అడిగితే పిల్ల వల్ల అని ఎవరూ అనకుండా ఉంటుంది.

ఉప్పునేల
నవంబరు 16, రాత్రి 9:20

చెప్పిన రోజునే అత్తయ్యనీ మావయ్యనీ పాలకొల్లులో దింపేశాం. అత్తయ్య వెళ్తూ బటర్ పేపరు సంచి ఒకటి గుర్తుగా అడిగి పట్టుకెళ్ళారు. ఇప్పుడు పొద్దున్న పూట ఎదురింటి వదినగారు చూస్తున్నారు, ఊరికే కాదు, నెలకి ఇంత అని మాట్లాడుకున్నాం. నా స్టైపెండ్‌లోంచి. తణుకు గారు చెప్పిన మూడు గంటలే నేను కొనుక్కుంటున్నది.

ఇవాళ 17వ డబ్బా వెన్ను కోశాం. సంకరం చేసిన గింజ మామూలు గింజలా ఉండదు, పొట్టు కొన కత్తిరించేశాం కదా, లోపలి బియ్యపు గింజ కొన బయటికి కనిపిస్తూ ఉంటుంది. మా ఆయన ముందెప్పుడూ చూడలేదు. స్టీలు పళ్ళెంలో నల్లగుడ్డ పరిచి టార్చి లైటు కింద లెక్కపెట్టాం. పాప నా ఒళ్ళో, గుప్పిట్లో ఖాళీ సంచి. 31 పువ్వులకి 12 గింజలు పట్టాయి. నేను చెప్తుంటే ఆయన రాశారు. ల్యాబ్ పుస్తకంలో ఆ పేజీ మొత్తం ఆయన రాతే.

పాత వరి అమ్మా, వీటిని ఎన్నాళ్ళు ఆరబెట్టాలి? దాళ్వాకి నారు పోసేలోపు మొలక వస్తుందా, గింజ మొలకెత్తకుండా ఉండిపోయే నిద్రావస్థ పోవడానికి ఏమైనా చెయ్యాలా?

పాత_వరి
నవంబరు 17, ఉదయం 6:00

నీడలో వారం ఆరబెట్టు. ఆ తర్వాత తేమ తగలకుండా కాయితం కవర్లలో పెట్టి, కవరు మీద డబ్బా నంబరూ తారీఖూ రాయి. ఎలకలకి అందకుండా పైన పెట్టు, మా 1989 గింజల్లో సగం అవే తిన్నాయి. నిద్ర గురించి ఎక్కువ భయపడకు, ఈ గింజకి పొట్టు కొన లేదు కాబట్టి నీళ్ళు తొందరగానే లోపలికి వెళ్తాయి. పన్నెండింట్లో రెండు మాత్రం ముందు తడిగుడ్డలో వేసి చూడు. మొలకొచ్చిన రోజు చెప్పు, నేను బస్సెక్కి వస్తాను.